పక్క తడిసే చెమట

మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో రాత్రి చెమటల సంగతి ఎవరూ మొదటి మాటగా చెప్పరు. నడుము నొప్పి అంటారు, ఆకలి లేదంటారు, నీరసం అంటారు. మందులు రాయించుకుని, లేచి, చెప్పులు వేసుకుంటూ అప్పుడు అంటారు: “ఇంగో మాట డాక్టరమ్మా. రేత్రిపూట చెమటలు పడతా ఉండాయి. రవికంతా తడిసిపోతాది.” మళ్లీ కూర్చోమంటాను. ఆ రోగి విషయంలో నా పని అసలు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ దాపరికం ఊరికే రాలేదు. మా ఊరికి పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1910లలో పలు క్రైస్తవ మిషన్లు కలిసి అక్కడ క్షయ శానిటోరియం నెలకొల్పాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి సూపరింటెండెంట్. అప్పటికి క్షయకు మందు లేదు. ఎత్తు మీద ఉన్న ఊరు, పొడి గాలి, పాలు, గుడ్లు, నెలల తరబడి విశ్రాంతి, ఇదే వైద్యం. జబ్బు ముదిరినవాళ్లకు ఛాతీలోకి గాలి పంపి ఊపిరితిత్తిని ముడుచుకునేట్టు చేసేవారు, పక్కటెముకలు తీసే ఆపరేషన్లు చేసేవారు. దక్షిణాది నలుమూలల నుంచీ రోగులు రైలెక్కి ఇక్కడికి వచ్చేవారు. అందువల్ల దగ్గు, చిక్కిపోవడం, రాత్రి చెమట అనే మూడు మాటలు కలిస్తే ఏమిటో మా ప్రాంతంలో ముసలివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మందులు వచ్చి డెబ్బై ఏళ్లు దాటినా, పెళ్లి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లో చెమట మాట ఇప్పటికీ గడప దాటదు.

నేను జనరల్ ఫిజీషియన్‌ని. ఇన్నేళ్ల ప్రాక్టీసులో రాత్రి చెమటల గురించి నాకు గట్టిగా తెలిసింది ఒకటే. కారణం దొరికితే చాలాసార్లు రోగి చెప్పే కథలోనే దొరుకుతుంది. పరీక్షలు ఆ కథను రుజువు చేస్తాయి, అంతే. కథ వినకుండా పరీక్షలతో మొదలుపెడితే డబ్బు పోతుంది, భయం పెరుగుతుంది, ఒక్కోసారి అసలు జబ్బే తప్పించుకుంటుంది.

మొదట తేల్చుకోవలసింది అది నిజంగా రాత్రి చెమటేనా అన్నది. మే నెలలో కరెంటు పోయి, దోమతెర కింద పడుకుంటే చెమట పట్టని మనిషి లేడు. అందుకే నేను అడిగే ప్రశ్నలు చిన్నవి. పక్కనున్నవాళ్లకు కూడా ఉక్కగానే ఉందా? లేచి బట్టలు మార్చుకోవలసి వస్తోందా? దిండు తడుస్తోందా, పక్కంతా తడుస్తోందా? మా ఊళ్లో డిసెంబరు రాత్రులు వణికిస్తాయి. ఇంట్లో అందరూ రగ్గులు కప్పుకుని పడుకున్నప్పుడు ఒక్కరే తడిసి లేస్తున్నారంటే ఇక సందేహించే పని లేదు. తేలికపాటి చెమట చాలామందికి పడుతుంది. అమెరికాలో మామూలు క్లినిక్కులకు వచ్చినవాళ్లను అడిగిన ఒక సర్వేలో, గడిచిన నెలలో రాత్రి చెమట పట్టిందన్నవాళ్లు నూటికి 41 మంది. వాళ్లందరికీ పెద్ద జబ్బులు లేవు. ఆ మాట రోగికి మొదటే చెబుతాను. భయంతో ఉన్న మనిషి కథను సరిగ్గా చెప్పలేడు.

ఒంట్లో జరిగేది ఇది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ ఒంటి వేడిని ఒక గీత దగ్గర నిలబెట్టి ఉంచుతుంది. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలోకి వచ్చే రసాయనాలు ఆ గీతను పైకి జరుపుతాయి, జ్వరం వస్తుంది. గీత మళ్లీ కిందికి దిగగానే ఎక్కువైన వేడిని చెమట రూపంలో ఒళ్లు బయటికి తోస్తుంది. క్షయలో సాయంత్రం సన్నగా జ్వరం, అర్ధరాత్రి దాటాక చెమట అనే వరస ఇలా ఏర్పడేదే. ముట్లుడిగే వయసు ఆడవాళ్లలో జ్వరమేమీ ఉండదు. వేడిని భరించే హద్దే ఇరుకైపోతుంది, కాస్త వేడికే ఒళ్లు తడిసిపోతుంది. రక్తంలో చక్కెర పడిపోతే చెమట పట్టించేది మరో దారి, అడ్రినలిన్ దారి. దారి ఏదన్నది రోగి చెప్పే వేళలను బట్టి, తోడుగా ఉండే బాధలను బట్టి చాలావరకు తెలిసిపోతుంది.

క్షయతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మన దేశంలో ఏ వైద్యుడైనా దాంతోనే మొదలుపెట్టాలి. నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గం నేసే ఒకాయన వచ్చాడు. జాకెట్ గుడ్డ కొలతలకు వాడే టేపుతో భార్య ఆయన నడుము కొలిచి చూసిందట, లుంగీ జారిపోతుంటే. దగ్గు పొగాకు వల్లే అనుకున్నాడు. వీధి చివర సూదులు వేసే మనిషి దగ్గర వారానికోసారి సూది వేయించుకుంటున్నాడు. “ఆ సూది ఏసినాక రెండు దినాలు బలే ఉంటాది డాక్టరమ్మా. చెమట పట్టదు, అన్నం బాగా తింటాను. మళ్లా మామూలే.” ఆ మాట వినగానే అది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ అని అర్థమైంది. స్టెరాయిడ్ జ్వరాన్ని అణిచేస్తుంది, ఆకలి పుట్టిస్తుంది, మనిషికి బాగైనట్టు అనిపిస్తుంది. లోపల క్షయ క్రిమికి ఎదురు నిలిచే శక్తిని మాత్రం తినేస్తుంది. జబ్బు లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్ అయితే గడ్డ కొన్నాళ్లు తగ్గినట్టు కనిపించి, ముక్క తీసి పరీక్షించినా తేలకుండా చేస్తుంది. ఏ జబ్బో తెలియకుండా ఆ సూది వేయడం నేరమని నేను ఎక్కడైనా చెబుతాను.

ఆయన తెమడను సీబీనాట్ పరీక్షకు పంపితే క్షయ అని తేలింది, రిఫాంపిసిన్‌కు లొంగే రకమని కూడా తేలింది. ఆరు నెలల మందు. మొదటి వారంలోనే పరుగున వచ్చాడు, మూత్రం ఎర్రగా వస్తోందని. రిఫాంపిసిన్ రంగు అది, ముందే చెప్పినా అందరూ భయపడతారు. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. మందు మొదలైన కొద్ది వారాలకే చెమటలు ఆగిపోతాయి. నిద్ర పడుతుంది, తిండి సయిస్తుంది. “తగ్గిపోయె గదా” అని మాత్రలు మానేస్తారు. అన్నిటికంటే ముందు ఆగేది చెమటే, అన్నిటికంటే వెనక చచ్చేవి క్రిములు. ఈ మాట నేను రోగికి కాదు, భార్యకు చెబుతాను, అమ్మకు చెబుతాను, మాత్రల లెక్క చూసే వాళ్లకు చెబుతాను.

ఈ జబ్బుకు ఇంటి దగ్గరే ఉండి మందు తింటే చాలు, శానిటోరియంలో పడుకోనక్కర్లేదని ప్రపంచానికి రుజువు చేసింది మన పక్కనున్న మద్రాసే. 1956లో అక్కడ పెట్టిన క్షయ చికిత్స పరిశోధన కేంద్రం, మురికివాడల్లో ఇళ్ల దగ్గరే మందు తిన్నవాళ్లనూ శానిటోరియంలో ఉంచినవాళ్లనూ పోల్చి, ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 1959లో తేల్చింది. ఇంట్లోవాళ్లకు అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదని చూపింది. ఈ సంగతి మా వాళ్లకు చెప్పినప్పుడు వాళ్ల ముఖాల్లో వచ్చే తేడా నాకు ఇష్టం. ఇల్లు వదలనక్కర్లేదు, ఉద్యోగం వదలనక్కర్లేదు, పిల్ల పెళ్లి ఆగనక్కర్లేదు.

అయితే నా దగ్గరికి రాత్రి చెమటలని వచ్చేవాళ్లలో ఎక్కువమంది క్షయ రోగులు కారు. ఆడవాళ్లు. నలభై అయిదు దాటినవాళ్లయితే ఆశ్చర్యం లేదు. ముప్పై రెండేళ్ల వాళ్లు, ముప్పై అయిదేళ్ల వాళ్లు వస్తారు. వేరుశనగ చేలల్లో, టమాటా తోటల్లో కూలి పనికి పోయేవాళ్లు. ఒకామె చెప్పిన మాటలు ఇవి: “కడుపులో నుంచి సెగ లేస్తాది. మొగమంతా ఆవిరి కొట్టినట్టు అయితాది. గుండె దడదడ. ఆమీద చెమట పట్టేసి, అది ఆరినాక చలి.” వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది, మజ్జిగ తాగింది, ఒళ్లు కోసే చలికాలంలో తల మీద చన్నీళ్లు పోసుకుంది. నరాల బలహీనత అని ఒకరు బలం సూదులు వేశారు. మతిస్థిమితం తప్పుతోందని అత్తగారు తాయెత్తు కట్టించింది. ఎవరూ అడగని ప్రశ్న ఒక్కటే మిగిలింది. “అక్కా, గర్భసంచి ఆపరేషన్ అయిందా?”

అయింది. తెల్లబట్ట అవుతోందని వెళితే, గర్భసంచి పాడైంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుందని చెప్పి తీసేశారు. అండాశయాలు కూడా తీశారా అంటే ఆమెకు తెలియదు. ఆపరేషన్ కాగితాలు ఇంట్లో లేవు. గర్భసంచి ఒక్కటి తీస్తే నెలసరి ఆగుతుంది కానీ హార్మోన్ ఆగిపోదు. రెండు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ప్రకృతి ఏళ్ల తరబడి మెల్లగా చేసే మార్పు రెండు మూడు రోజుల్లో జరిగిపోతుంది. అందుకే ఆ సెగలు అంత తీవ్రంగా ఉంటాయి. అండాశయాలు మిగిల్చినా, గర్భసంచి తీసినవాళ్లకు మెనోపాజ్ మామూలు కంటే ముందే రావచ్చు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో ఈ ఆపరేషన్ గురించి అడిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. దేశంలో అన్నిటికంటే పైన మన రెండు రాష్ట్రాలే. ఈ లెక్క చదివిన రోజు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు, నా బల్ల ముందు రోజూ కూర్చునేది ఆ లెక్కే. కోపం మాత్రం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఆ ఆపరేషన్ అవసరమైన వాళ్లు ఉంటారు, నిజమే. తెల్లబట్టకు కారణం మాత్రలతో పోయే ఇన్ఫెక్షనేమో చూడకుండా, గర్భాశయ ముఖద్వారం పరీక్షించకుండా, ముప్పై ఏళ్ల పిల్లకు కత్తి పెట్టడం న్యాయం కాదు. ఆపరేషన్ తర్వాత ఏమవుతుందో ఒక్క ముక్క చెప్పకుండా ఇంటికి పంపడం మరీ అన్యాయం. అండాశయాలు కూడా పోయినవాళ్లకు చెమటలతోనే పోదు. ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెకు ఉన్న రక్షణ తగ్గుతుంది.

ఇలాంటి వయసులో అండాశయాలు పోయినవాళ్లకు, రొమ్ము క్యాన్సర్ గానీ రక్తం గడ్డకట్టే జబ్బు గానీ లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వడం సరైన వైద్యం. గర్భసంచి లేనివాళ్లకు దానితో పాటు రెండో హార్మోన్ కూడా అక్కర్లేదు. గైనకాలజిస్టుతో మాట్లాడి మొదలుపెడతాం. ఆ సెగల అక్క కొన్ని వారాల తర్వాత వచ్చింది. రాత్రంతా నిద్రపోతున్నానని కాదు ఆమె మొదట చెప్పింది. “నాకు పిచ్చి లేదని మా అత్తకు చెప్పు డాక్టరమ్మా” అంది. అత్తగారిని లోపలికి పిలిచి చెప్పాను.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నలభై ఏడేళ్ల ఆడమనిషి చెమటలంటే మెనోపాజ్ అని తేల్చేయడం వైద్యులకు అలవాటు. తిండి బాగా తింటూ కూడా చిక్కిపోతోందా, చాచిన చేతివేళ్లు వణుకుతున్నాయా, పగలు కూడా చెమటేనా అని చూస్తే కొందరిలో థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నట్టు బయటపడుతుంది. మెనోపాజ్ వయసులో క్షయ రాదని కూడా ఎక్కడా రాసి లేదు.

షుగర్ రోగుల కథ వేరు. టమాటా మార్కెట్‌లో ఒక మండీలో లెక్కలు రాసే పెద్దాయన భార్యతో వచ్చాడు. రాత్రి రెండు, మూడు గంటలకు ఒళ్లంతా చల్లటి చెమట. భార్య కంగారుపడి చక్కెర వేసి కాఫీ కలిపి ఇస్తుంది, పావుగంటలో సర్దుకుంటాడు. ఆమె తనకు తెలియకుండానే జబ్బూ కనిపెట్టింది, వైద్యమూ చేసింది. ఆయన షుగర్‌కు గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నాడు. తెల్లవారకముందే మార్కెట్‌కు పోవాలని సాయంత్రం ఆరింటికే రాగిసంగటి నాలుగు ముద్దలు తిని పడుకుంటాడు. మూత్రపిండాలు కాస్త దెబ్బతిన్నాయి, అందువల్ల ఆ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తోంది. గ్లూకోమీటర్ ఇచ్చి, అర్ధరాత్రి చెమట పట్టినప్పుడే వేలు గుచ్చి చూడమన్నాను. కనీసం 70 ఉండాల్సినచోట 54 వచ్చింది.

ఆయనకు వణుకు, గుండెదడ ఎందుకు లేవని అడగాలి. ఆయన బీపీకి అటెనలాల్ వేసుకుంటున్నాడు. ఆ జాతి మందులు చక్కెర పడిపోయినప్పుడు వచ్చే దడను, వణుకును కప్పేస్తాయి. చెమటను మాత్రం కప్పలేవు. చెమట గ్రంథులకు పోయే నరాలు పనిచేసేది వేరే రసాయనంతో. అంటే అలాంటి మనిషికి ప్రమాదం గురించి చెప్పే చివరి సాక్షి చెమట ఒక్కటే. ఆ సాక్షి మాట వినకపోతే తర్వాతది మూర్ఛ. మందు మార్చాం, రాత్రి ఎనిమిదింటికి ఏదో ఒకటి తినమన్నాం. ఏకాదశి ఉపవాసాలుండే అవ్వలకు, రంజాన్ నెలలో రోజా ఉండే తాతలకు షుగర్ మాత్రల సమయాలు ముందే మార్చి రాసిస్తాను.

తంబళ్లపల్లె వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి కథ చెప్పకపోతే ఈ వ్యాసం నాకు తృప్తినివ్వదు. జ్వరం వస్తుంది, కొన్నాళ్లు పోతుంది, మళ్లీ వస్తుంది. రాత్రి చెమట. నడుము కింద, పిరుదుల కీళ్లలో నొప్పి. ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు, తెమడలో ఏమీ లేదు. పక్కన నిలబడి చూస్తే చెమట వాసన తేడాగా, తడిసిన గడ్డి వాసనలా ఉంది. “ఈ ఏడు గొర్రెలేమన్నా ఈచుకుపోయినాయా?” అని అడిగాను, అంటే నెలలు నిండకుండానే కడుపు పోయిందా అని. ఆయన భార్య వైపు చూసి, నా వైపు చూసి, “నీకెట్ల తెలుసమ్మా? ఐదారు పోయినాయి” అన్నాడు. మాయను ఉత్త చేతుల్తో లాగి పారేశాడు. రక్తపరీక్షలో బ్రూసెల్లా అని తేలింది.

ఈ జబ్బుకు మాల్టా జ్వరం అని పాత పేరు. మాల్టా దీవిలో ఉన్న బ్రిటిష్ సైనికులను పీడించిన ఈ జ్వరపు క్రిమిని డేవిడ్ బ్రూస్ 1887లో కనిపెట్టాడు. అది మేకపాల నుంచి వస్తోందని 1905లో ఆ దీవి వైద్యుడే థెమిస్టోక్లీస్ జామిట్ తేల్చాడు. మన ఇళ్లలో పాలు కాచకుండా తాగే అలవాటు తక్కువ, ఆ మేరకు అదృష్టం. మన దగ్గర ఎక్కువ ముప్పు ఈనే వేళ, ఈచుకుపోయిన వేళ చేతుల్లోకి వచ్చే ఉమ్మనీరు, మాయ. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి ఆరు వారాలు ఇస్తే ఆయనకు జ్వరం పోయింది, చెమటలు పోయాయి. చేతికి గ్లవ్స్ లేకపోతే ప్లాస్టిక్ కవర్లయినా కట్టుకోమని, మాయను లోతుగా గుంత తీసి పాతిపెట్టమని ఆ ఊరి కాపరులందరికీ చెప్పమన్నాను. ఆవు పెయ్యలకు, గేదె పెయ్యలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో బ్రూసెల్లా టీకా ప్రభుత్వమే వేస్తుంది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ పథకంలో అది ఉంది. పశువుల డాక్టరు చేసే ఆ పని మనుషుల డాక్టరుకు ఎంత మేలో చాలామందికి తెలియదు.

ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు గుర్తున్నాడు. రాత్రుళ్లు బనియన్ పిండితే నీళ్లు కారేంత చెమట. ఒళ్లంతా దురద. మెడ కింద, కాలరు ఎముక పైన నొప్పి లేని గడ్డ. వేరేచోట సూదితో కొంచెం కణాలు తీసి చూశారు, ఏమీ తేలలేదు. గడ్డ ఉంది, చెమట ఉంది కాబట్టి క్షయే అయ్యుంటుందని మాత్రలు మొదలుపెట్టారు. రెండు నెలలైనా గడ్డ తగ్గలేదు, బరువు తగ్గుతూనే ఉంది. ఇలాంటి గడ్డకు సూది పరీక్ష చాలదు. గడ్డ మొత్తం తీసి చూడాలి. వాళ్ల నాన్నను ఒప్పించడానికి నాకు చాలాసేపు పట్టింది, కత్తి పెడితే జబ్బు పాకుతుందని ఆయనకెవరో చెప్పారు. పాకదు. వేలూరు ఆసుపత్రికి పంపాను. హాడ్జ్‌కిన్ లింఫోమా.

ఈ క్యాన్సర్‌లో చెమటకు అధికారిక హోదా ఉంది. 1971లో అమెరికాలోని యాన్ ఆర్బర్‌లో కూర్చున్న వైద్యులు, 38 డిగ్రీలు దాటే జ్వరం, ఆరు నెలల్లో ఒంటి బరువులో పదో వంతుకు మించి తగ్గడం, పక్క తడిసే రాత్రి చెమట, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా జబ్బు దశ పక్కన ‘బి’ అని రాయాలని స్థిరపరిచారు. ఇప్పటికీ అదే రాస్తాం. హాడ్జ్‌కిన్ లింఫోమా చాలామందికి పూర్తిగా నయమయ్యే క్యాన్సర్. ఆ కుర్రాడు చదువు పూర్తి చేసి ఉద్యోగంలో ఉన్నాడు.

ఇక దీనికి పూర్తిగా ఎదురు కథ. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా ఊరి అబ్బాయి సెలవుల్లో వచ్చాడు. రాత్రి చెమటలకు అక్కడ చేయని పరీక్ష లేదు, ఒళ్లంతా పెట్ స్కాన్ కూడా తీయించారు. అందులో ఊపిరితిత్తిలో మిరియపు గింజ అంత మచ్చ కనిపించింది. ఇక దాని వెనక మళ్లీ స్కాన్లు, మళ్లీ భయం. చివరికి అది ఎప్పుడో మానిన పాత మచ్చ అని తేలింది, చెమటలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. నేను ఒక్కటే అడిగాను. “నువ్వు వేసుకునే మాత్రలన్నీ ఈ బల్ల మీద పెట్టు నాయనా.” సంచిలోంచి ఎసిటాలోప్రామ్ వచ్చింది. ఆందోళనకు ఎవరో రాశారు. చెమటలు ఎప్పుడు మొదలయ్యాయో చూస్తే ఆ మాత్ర మొదలైన నెలే. ఈ రకం మందులు వాడేవాళ్లలో పదిమందికి ఒకరికి అటూ ఇటుగా చెమటలు ఎక్కువవుతాయి. మాత్ర ఒక్కసారిగా ఆపకూడదు, అది ఇంకో ప్రమాదం. రాసిన డాక్టరుతో మాట్లాడి మెల్లగా మార్పించాం, చెమట తగ్గింది. జ్వరం మాత్రలు, స్టెరాయిడ్లు, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామోక్సిఫెన్, ఇవి కూడా చెమట పట్టిస్తాయి. సారా, బ్రాందీ తాగే అలవాటున్నవాళ్లకు రాత్రి మత్తు దిగేటప్పుడు పడుతుంది. మగవాళ్లు ఇది భార్య ముందు చెప్పరు, కాబట్టి ఆమెను కాసేపు బయట కూర్చోమని అడుగుతాను. ఆ తర్వాత ఆమెను ఒంటరిగా పిలిచి గురక సంగతి అడుగుతాను. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచేవాళ్లలో కొందరికి రాత్రంతా చెమటే.

ఇవన్నీ అడిగి, ఒళ్లంతా తడిమి చూసి, ఎక్స్‌రే, రక్తకణాల లెక్క, ఈఎస్‌ఆర్, షుగర్, థైరాయిడ్, హెచ్‌ఐవీ చూశాక కూడా ఏమీ దొరకనివాళ్లు ఉంటారు. రిటైరైన హెడ్మాస్టరు గారొకరు అలాంటివారు. “ఏమీ లేదంటే ఎట్లమ్మా? పక్క తడస్తా ఉండేది నిజం గదా” అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. “ఏమీ లేదు” అనే మాట నేను వాడను. ఇప్పటికి కారణం దొరకలేదు, ప్రమాదకరమైన గుర్తులేవీ లేవు, చూస్తూ ఉంటాం అంటాను. వదిలేయలేదని రోగికి తెలియాలి. ప్రతి నెలా ఒకే తూకం మీద బరువు, వారంలో కొన్ని సాయంత్రాలు టెంపరేచర్, చెమట పట్టిన రాత్రి ముందు ఏం తిన్నారు, ఏ మాత్ర వేసుకున్నారు, ఎన్నింటికి మెలకువ వచ్చింది, ఇవి నోటు పుస్తకంలో రాయమన్నాను. ఆయన బడిపంతులు కాబట్టి గీతలు గీసి మరీ రాశారు. మూడు నెలలకోసారి మళ్లీ తడిమి చూశాను, అవసరమైన రక్తపరీక్షలు మళ్లీ చేయించాను. అమెరికాలో ఓక్లహోమా వైద్యులు పెద్ద వయసువాళ్లను ఏళ్ల తరబడి గమనించి, రాత్రి చెమటలు ఉన్నంత మాత్రాన వాళ్లు మిగతావాళ్లకంటే ముందు చనిపోలేదని తేల్చారు. ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన భార్య కళ్లు తుడుచుకుంది. అన్నాళ్లూ ఆమె నిద్రపోలేదు.

కారణం తెలియకపోయినా రాత్రి గడవాలి. పాలిస్టర్ లుంగీలు, నైలాన్ నైటీలు మానేసి పాత నూలు బట్టలు కట్టుకోమంటాను. ఒక మందపాటి రగ్గు బదులు రెండు మూడు పల్చటి నూలు దుప్పట్లు అయితే చెమట పట్టగానే ఒకటి తోసేయవచ్చు. పరుపు మీద తువ్వాలు పరిచి, తలాపున మార్చుకునే బట్టలు, మంచినీళ్లు పెట్టుకుంటే మెలకువ వచ్చాక ఇల్లంతా లేపనక్కర్లేదు. రాత్రి భోజనం త్వరగా, కారం తక్కువగా. చెమట పడుతోందని నీళ్లు తాగడం తగ్గించకూడదు. హెడ్మాస్టరు గారికి చెమటలు ఏడాది దాటాక పలచబడ్డాయి, కారణం ఇప్పటికీ దొరకలేదు. బరువు తగ్గలేదు, ఆరోగ్యంగా ఉన్నారు.

చదివే మీలో ఎవరికైనా వారాల తరబడి రాత్రి బట్టలు మార్చుకునేంత చెమట పడుతుంటే దాచుకోకండి. దానితో పాటు జ్వరం గానీ, బరువు తగ్గడం గానీ, మెడలో, చంకలో గడ్డ గానీ, రెండు వారాలు దాటిన దగ్గు గానీ ఉంటే ఆలస్యం చేయకండి. ప్రభుత్వాసుపత్రుల్లో తెమడ పరీక్ష, క్షయ మందులు ఉచితం. చికిత్సలో ఉన్నంతకాలం తిండి ఖర్చుకు 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. షుగర్ మందు వాడేవాళ్లు చెమట పట్టినప్పుడే చక్కెర చూసుకోండి. ఏ సూది వేస్తున్నారో పేరు చెప్పని చోట సూది వేయించుకోకండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, పాత ఆపరేషన్ కాగితాలన్నీ వెంట తీసుకెళ్లండి. చెమటల సంగతి లేచి వచ్చేటప్పుడు కాదు, కూర్చోగానే చెప్పండి.